పోతరాజు కాళ్ళు తడిసేదాకా

నడిమికుర్రు,
మే నెలాఖరు

ప్రియమైన కైనూ,

పడవ అవతలి ఒడ్డుకు చేరాకే నా ఫోనుకు ప్రాణం వస్తుంది. ఇక్కడ అది టైం చూసుకోవడానికే. అందుకని ఉత్తరం. పడవ నడిపే కొండలన్న సరుకులకు ధర్మపురి పోయిన రోజున డబ్బాలో వేస్తాడు. 'నేను ఇక్కడ క్షేమం, నీవు అక్కడ క్షేమమని తలుస్తాను' అని కాన్వెంట్‌లో సిస్టర్ మనచేత ఎన్నిసార్లు రాయించిందో గుర్తుందా? ఇన్నాళ్ళకు నిజంగా రాస్తున్నాను. క్షేమమే. అలసటగా ఉంది, అంతే.

ఇక్కడ గోదావరి రెండు పాయలుగా చీలి మళ్ళీ కలుస్తుంది. మధ్యలో మిగిలిన నేలను కుర్రు అంటారు. ఇటు ధర్మపురి, అటు మీ పాత ఆదిలాబాద్ జిల్లా. ఓ నలభై ఇళ్ళు, మక్క, పసుపు, కూరగాయలు, బర్రెలు. మూడేళ్ళ కింద పెద్ద వరద వచ్చినప్పుడు అందరూ ఇంటి కప్పులెక్కి కూర్చున్నారట. శంకరవ్వ అని ఒక పెద్దావిడ ఉంది. ఆమె భర్త కైలాసం బర్రెను విప్పడానికి కప్పు దిగి, మళ్ళీ ఎక్కలేదు.

ఆ తర్వాతే మా సంస్థ వచ్చింది. వానలు ముందులా లేవు, ఇలాంటి వరదలు ఇక తరచూ వస్తాయని, కుర్రు వాటిని ఎలా తట్టుకోవాలో ఊరివాళ్ళతో కూర్చుని ప్రణాళిక రాశారు. రాసినవాళ్ళు వెళ్ళిపోయారు. అమలు చేయడానికి నేను వచ్చాను.

ఇళ్ళకు ఎత్తు అరుగులు కట్టించాలి. గింజలకు అటక మీద డ్రమ్ములు పెట్టించాలి. కోతపడే ఒడ్డున వట్టివేరు నాటించాలి. మోటారు పడవ వచ్చింది, మైకు వచ్చింది. అన్నిటికంటే ముఖ్యం రేవు వాలులో పాతిన మూడు రాళ్ళు. కింద తెల్లది, పైన పసుపుది, ఆపైన ఎర్రది. నీళ్ళు తెల్లరాయిని తాకితే సామాన్లు సర్దుకోవాలి. పసుపురాయిని తాకితే బర్రెలను, ముసలివాళ్ళను దాటించాలి. ఎర్రరాయిని తాకితే ఊరంతా కదలాలి. అది దాటితే వడికి పడవ నిలవదు.

ఈ వానాకాలం ఒక్క ప్రాణం పోయినా ఇక కుర్రు మీద ఎవరినీ ఉండనివ్వమని మండల ఆఫీసు వాళ్ళు చెప్పి పోయారు. అందుకే నాకీ ఆరాటం.

నిన్న ఉత్తుత్తి వరద పెట్టాం. మైకులో కొండలన్నే చెప్పాడు. నాకు మైకంటే ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఇంట్లో బట్ట నేసే సాంచెల చప్పుడుకు నా మాట ఎవరికీ వినబడేది కాదు, అరవడం నేను నేర్చుకోనే లేదు. జనం మాత్రం వచ్చారు. సత్తమ్మ కోళ్ళ గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది, మనవరాలిని ఇంట్లో మరిచింది.

"పోరి నడిచి వస్తది మేడం, కోళ్ళు వస్తయా?" అంది.

"మేడం, మీ మీటింగ్ ఎప్పుడో గోదారికి చెప్పిండ్రా? పాపం, గది సుత వస్తుండె," అన్నాడు కొండలన్న. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

శంకరవ్వ రానేలేదు. వెళ్ళి అడిగితే అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "నేను రాను బిడ్డా. ఖాళీ చేసి పోయినంక మళ్ల రానిస్తరా? ఖాళీ అయిన ఊరు సర్కారుది," అంది. నేనూ పక్కన కూర్చుని కాసేపు గింజలు తీసి వచ్చాను.

రాయి.
నీ పద్మ

*

ఆదిలాబాద్,
జూన్

పద్మా,

కవరు మీద నీ అక్షరాలు చూసి మామూ "ఎవరిది, బ్యాంకు నోటీసా?" అన్నాడు. అంత అచ్చు గుద్దినట్టున్నాయి. నీ అక్షరాలు ఎనిమిదో తరగతిలో ఎక్కడ ఆగాయో అక్కడే ఉన్నాయే.

నువ్వు చింతగింజలు తీసి వచ్చావని చదివి నవ్వుకున్నాను. క్లాసులో సిస్టర్ ప్రశ్న అడిగితే నువ్వు లేచి, జవాబు తెలిసి కూడా, పెన్సిలు చెక్కుతూ నిలబడేదానివి. నేను కింద నుంచి నీ గౌను లాగేదాన్ని. ఇప్పుడు ఎవరు లాగుతారు? మాట్లాడవే. గోదావరి నీకోసం పెన్సిలు చెక్కేదాకా ఆగదు.

ఇక్కడ బడులు తెరిచారు. పిల్లలు, కొత్త పుస్తకాల వాసన, ఎప్పటిలాగే. నానీ బాగుంది. మధ్యాహ్నాలు కొంచెం పరేషాన్ అవుతుంది, అమ్మమ్మ పెద్దదయింది కదా. వాన ఇంకా పడలేదు. ఆదిలాబాద్ ఎండ మనుషుల్ని పాపడాల్లా వేయిస్తోంది.

నీకు జ్వరం వస్తే ఎవరున్నారక్కడ? అది రాయలేదు నువ్వు.

కైనాత్

*

నడిమికుర్రు,
జూన్ చివర

కైనూ,

జ్వరం వచ్చింది, పోయింది. శంకరవ్వ జావ కాచి ఇచ్చింది. చెప్పకుండా ఉండాల్సింది, నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను.

వట్టివేరు నాటడం అయిపోయింది. సగం మేకలు తిన్నాయి. మళ్ళీ నాటుతున్నాం. అరుగులు చాలావరకు పూర్తయ్యాయి. ఇంటింటికీ వెళ్ళి అదే మాట చెప్పడం, వాళ్ళు సరే అనడం, మర్నాడు మళ్ళీ వెళ్ళడం. ప్రణాళికలో ఇవన్నీ ఒక్కొక్క వాక్యం. ఆ వాక్యాలు రాసినవాళ్ళ మీద నాకు కోపం లేదు. ఒకసారి వచ్చి ఈ ఇసుకలో నడిస్తే బాగుండుననిపిస్తుంది.

ఒక చిన్న సంగతి. రేవులోని ఎర్రరాయికి ఎవరో బొట్టు పెట్టారు. రెండోరోజు పసుపు రాశారు. మూడోరోజు ముందర కొబ్బరికాయ. మా ఇంజనీరు భానుప్రసాద్ సార్ కరీంనగర్ నుంచి వచ్చి చూసి, "ఇది కొలత రాయి, దేవత కాదు. చెప్పలేదా?" అన్నారు. చెప్పడానికే నేను శంకరవ్వ దగ్గరికి వెళ్ళాను. ఆమె నాకంటే ముందే మొదలుపెట్టింది.

"ఊరును కాసే రాయంటివి కదా బిడ్డా. ఊరును కాసేది గంగమ్మ గాక ఇంకెవరు?"

నేను అన్నది నిజంగా ఆ మాటే. పైగా నాకు లోలోపల సంతోషమైంది. పూజ చేసే రాయిని ఎవరూ పగలగొట్టరు, మేకను కట్టేయరు, రోజూ ఎవరో ఒకరు నీటి వైపు చూస్తారు. నేను మైకులో చెప్పలేనిది ఆ బొట్టు చెబుతోంది. సార్‌కు అదే చెప్పాను, చిన్నగా. ఆయన అలసిపోయి ఉన్నారు. "కానీండి," అన్నారు.

ఇప్పుడు దానికి గద్దె కడుతున్నారు. అరుగులకు తెచ్చిన సిమెంటు మిగిలింది. ఎవరూ అడగకుండానే మగవాళ్ళంతా ఇసుక మోశారు. ఈ ఊళ్ళో నేను పిలవకుండా జరిగిన మొదటి పని ఇది. గంగమ్మను కూర్చోబెట్టే రోజు నాచేత కూడా ఒక కాయ కొట్టించారు. సగానికి పగలలేదు.

నీ బడి పిల్లల గురించి రాయి. ఈసారి ఏ తరగతి ఇచ్చారు?

పద్మ

*

ఆదిలాబాద్,
జూలై

పద్మా,

చిన్న ఉత్తరమే. పొద్దున పదకొండయింది, నానీ ఇప్పుడే కన్ను మూసింది. లేచేలోగా రాయాలి.

దేవత కథ బాగుంది. మీవాళ్ళు రాయిని అమ్మను చేశారు, నువ్వు కాయ కొట్టావు. సిస్టర్‌కు తెలిస్తే నిన్ను ప్రార్థన గదిలో మోకాళ్ళ మీద నిలబెట్టేది.

పిల్లలు బాగున్నారు. ఏడో తరగతి.

లేచినట్టుంది. ఉంటాను.

కైనాత్

*

నడిమికుర్రు,
జూలై

కైనూ,

పొద్దున పదకొండు గంటలకు ఇంట్లో ఎందుకున్నావు? ఆదివారం కాదు అది. నీ ఉత్తరం మీద తపాలా ముద్ర చూశాను. చెప్పాలనిపిస్తే చెప్పు.

నేనైతే చెప్పి తీరాలి. ఇక్కడ నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

నిన్న సాయంత్రం రేవులో కాళ్ళు కడుక్కుంటూ పైకి చూశాను. ఎర్రరాయి కనిపించింది, బొట్టుతో, నిమ్మకాయల దండతో. ఎంతో బాగుంది. తర్వాత కాళ్ళు కడగడం ఆపేశాను. ఇదివరకు ఆ రాయిని వంగి చూసేదాన్ని. ఇప్పుడు తల ఎత్తి చూస్తున్నాను.

గద్దె నడుమెత్తు ఉంది, కైనూ. రాయిని పాతచోటు నుంచి తవ్వి తీసి, కాస్త వెనకగా కట్టిన దానిమీద కూర్చోబెట్టారు. నీళ్ళు ఇప్పుడు ఎర్రరాయిని తాకాలంటే నడుమెత్తు ఎక్కువ రావాలి. అప్పటికి పడవ దాటదు. ఊరంతా గంగమ్మ పాదాల వైపు చూస్తూ ఇంకా టైం ఉందనుకుంటుంది. ఇసుక మోస్తుంటే చూశాను, సిమెంటు కలుపుతుంటే చూశాను, కాయ కూడా కొట్టాను. ఒక్కరికీ తట్టలేదు. అందరం అమ్మకు కాళ్ళు తడవకూడదనే అనుకున్నాం.

సార్‌కు కబురు పంపాను. ఇవాళ వచ్చారు. "గద్దె పగలగొట్టి రాయిని పాతచోట దించండి," అన్నారు. జనం గుమిగూడారు. కూర్చోబెట్టిన అమ్మను దించితే ఊరికి అరిష్టమని ఆడవాళ్ళు. "ముందుగాల మీరే అన్నరు, కానీండని," అని కొండలన్న. సార్ నా వైపు చూశారు. అందరూ నా వైపు చూశారు. నీ చెయ్యి కోసం గౌను అంచు తడుముకున్నానంటే నమ్ము. చీర కట్టుకుని ఉన్నాను.

మనుషులందరూ వెళ్ళాక శంకరవ్వ ఉండిపోయింది. "నీ మొఖం సూస్తె తెలుస్తుంది బిడ్డా, ఎక్కడనో తప్పింది. గని అమ్మను దించొద్దు. ఆమె కూసున్నంక నాకు జర నిద్ర వడ్తుంది," అంది.

పక్కన రెండోరాయి వేయవచ్చు. సార్ అదే అన్నారు, పోతూ. కానీ బొట్టు ఉన్న ఎర్రరాయిని వదిలి, బొట్టు లేని ఇంకో రాయిని ఇక్కడ ఎవరు చూస్తారు? ఏ రాయిని నమ్ముతారు?

పైన ప్రాజెక్టు నిండుతోందట. తెల్లరాయి తడిసింది.

పద్మ

*

ఆదిలాబాద్,
జూలై

పద్మా,

నీ ఉత్తరం ఈ ఉదయం వచ్చింది. మామూ లారీలో ధర్మపురి వైపు లోడు తీసుకుని పోతున్నాడు. ఆయన చేతికే ఇది ఇస్తున్నాను. రేవులో కొండలన్నకు అందుతుంది.

ముందు నీ రాయి సంగతి. మనం కరీంనగర్‌లో ఉన్నప్పుడు మా గల్లీలోంచి బోనాలు పోయేవి. ముందర ఒళ్ళంతా పసుపు పూసుకుని, కొరడా పట్టుకుని ఒకాయన దుంకుకుంటూ వచ్చేవాడు. నేను గుమ్మం వెనక దాక్కునేదాన్ని. నువ్వే చెప్పావు నాకు, ఆయన పోతరాజని, అమ్మవారికి తమ్ముడని, ఎప్పుడూ అక్కకంటే ముందుంటాడని. మీ పోచమ్మ గుడి ముందు కూడా కట్టెతో చేసిన పోతరాజు ఉండేవాడు, కింద, మట్టిలో. నువ్వు ఉత్తరంలో అంతా రాశావు, అమ్మ రాశావు, గద్దె రాశావు. తమ్ముడేడీ? అక్కను అంత ఎత్తున కూర్చోబెట్టి తమ్ముణ్ణి మరిచిపోయారు మీవాళ్ళు. ఆయన్ని పాతచోట నిలబెట్టండి. గడపలో నిలబడేవాడికి కాళ్ళు తడిస్తే ఎవరికీ తప్పుండదు.

తురకపిల్ల చెప్పిందని శంకరవ్వకు చెప్పకు. లేదా చెప్పు, నవ్వుకుంటుంది.

ఇక నా సంగతి. నేను బడికి పోవడం లేదు. జూన్ మొదట్లోనే మానేశాను. పిల్లలు బాగున్నారు అని రాసింది గేటు బయటినుంచి చూసి. నానీకి మతి తప్పుతోంది. మధ్యాహ్నం కాగానే దుప్పటి, రెండు చీరలు, తమలపాకు డబ్బీ మూట కట్టి, చెప్పులు వేసుకుని గడప దిగుతుంది. "ఘర్ చల్తే," అంటుంది. ఇల్లంటే ఈ ఇల్లు కాదు, కరీంనగర్ ఇల్లు కూడా కాదు. మానేరు డ్యాం కట్టినప్పుడు మునిగిన ఊళ్ళల్లో వాళ్ళ ఊరొకటి. ఆమె పెళ్ళయి కాపురానికి పోయిన ఊరు అది. నాకు ఈ మధ్యనే తెలిసింది. మాకెవరికీ ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు అది తప్ప ఏదీ గుర్తులేదు.

మా తమ్ముడు అల్తాఫ్ ఒకరోజు "నానీ, వో గాఁవ్ డూబ్ గయా," ఆ ఊరు మునిగిపోయిందని చెప్పేశాడు. ఆ రోజంతా ఆమె అన్నం తినలేదు. అప్పటినుంచి నేను ఒకటే మాట చెబుతాను. "పానీ ఉతర్నే దో నానీ." నీళ్ళు దిగనీ, పోదాం. మూట విప్పుతుంది. మర్నాడు మళ్ళీ కడుతుంది. ఆమెను చూడటానికి ఒకరు ఇంట్లో ఉండాలి. అందరికీ పనులున్నాయి, నాది చిన్న ఉద్యోగం. అంతే కథ. ఎందుకు చెప్పలేదంటే, నీకు గొంతు రావడం లేదని నువ్వు రాస్తున్నావు, నేను గౌను లాగేదానిగానే ఉండాలనుకున్నాను.

శంకరవ్వ రానంటే నువ్వు కోప్పడకు. నీళ్ళు వస్తాయి లేవమని చెప్పినవాళ్ళు, నీళ్ళు దిగాక తీసుకొస్తామని నానీకి చెప్పలేదు. ఎందుకంటే ఆ నీళ్ళు దిగేవి కావు. మీవి దిగుతాయి. ఆ తేడా ఆమెకు ఎవరైనా చెప్పారా?

నీ కైనాత్

*

నడిమికుర్రు,
జూలై చివర

కైనూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ సంగతి గురించి తర్వాత రాస్తాను, ఇప్పుడు రాస్తే బాగా రాయలేను. జూన్‌లోనే నాకు తెలియాల్సింది.

శంకరవ్వకు చెప్పాను, నువ్వు చెప్పావనే చెప్పాను. పెద్దగా నవ్వింది. "నేనప్పుడే అంటి, ఎక్కడనో తప్పిందని. తమ్ముడు లేకుంట అక్కను కూసోబెడితిమి," అంది. కొంగు నడుముకు చుట్టి అప్పుడే బయలుదేరింది. ఇంటింటికీ తిరిగి, మీకెవరికీ సోయి లేదా అని అందరినీ తిట్టింది. నేను వెనకే నడిచాను. నన్నూ తిట్టింది.

వేపమొద్దు కొట్టారు. కొండలన్న బాడిసెతో కళ్ళు, మీసం చెక్కాడు. మీసం ఒకవైపు పెద్దదయింది. "గోదారి జడుసుకోవాలె కదా," అన్నాడు. ఎక్కడ పాతాలో నేను చూపించాలి. భానుప్రసాద్ సార్ కొలత పరికరం తెచ్చారు. పాత గుర్తు దగ్గర మొద్దు అడుగు సరిగ్గా నిలిపాం. పసుపు రాశారు, కాళ్ళ దగ్గర ఎర్ర రంగు వేశారు. సార్ చెప్పులు విడిచి పక్కకు నిలబడ్డారు.

తర్వాత మాట్లాడాను, కైనూ. మైకు లేకుండా. గద్దె పక్కన నిలబడి చెప్పాను. "పోతరాజు కాళ్ళు తడిస్తే పోదాం. అమ్మ ఇక్కడే ఉంటుంది. నీళ్ళు దిగినంక వద్దాం." మూడు వాక్యాలు. వెనక ఉన్నవాళ్ళకు వినబడలేదు. ముందున్నవాళ్ళు వాళ్ళకు చెప్పారు.

శంకరవ్వ గద్దె వైపు చూసింది. "అమ్మ ఈడనే ఉంటే, ఊరు ఖాళీ అయినట్టు కాదు గదా," అంది.

కాదన్నాను. ఆఫీసువాళ్ళు కూడా అలాగే అనుకుంటారని నాకు నమ్మకం లేదు. ఆ ముక్క ఆమెకు చెప్పలేదు.

పద్మ

*

ఒడ్డు మీది బడి నుంచి,
ఆగస్టు

కైనూ,

అందరం ఉన్నాం. ముందు అది రాస్తున్నాను.

ఇక్కడ ఫోను పనిచేస్తుంది. నీకు చేయాలని తీసి మళ్ళీ లోపల పెట్టాను. మాట్లాడితే ఏడుస్తాను. రాస్తే ఏడవను.

ఎండ కాస్తుండగా వచ్చింది వరద. మాకు మూడురోజులుగా చినుకు లేదు. పైన ఎక్కడో కురిస్తే ప్రాజెక్టు గేట్లు ఎత్తారు. పొద్దున పసుపురాయి మునిగింది. బర్రెలను దాటించాం. ముసలివాళ్ళు పడవెక్కారు, శంకరవ్వ తప్ప. మధ్యాహ్నానికి నీళ్ళు పోతరాజు దగ్గరికి వచ్చాయి. నేను మైకు తీసుకున్నాను. అందరూ రేవుకు వచ్చారు, ఎవరూ ఎక్కలేదు.

"ఎండ కొడ్తుంటే ఎక్కడి వరద మేడం?" అంది సత్తమ్మ. "గంగమ్మ కాళ్ళు ఇంకా పొడిగనే ఉన్నయి సూడుండ్రి."

చాలామంది గద్దె వైపు చూశారు. నిజంగానే అమ్మ పొడిగా ఉంది, ఎండలో మెరుస్తూ. నేను భయపడింది సరిగ్గా ఈ క్షణానికే. మళ్ళీ చెప్పాను. నా గొంతు మైకులో ఎవరిదోలా ఉంది. ఎవరూ కదలలేదు.

శంకరవ్వ వచ్చింది. మూట లేదు, చేతిలో గుప్పెడు బియ్యం ఉన్నాయి. గద్దె మీద పోసి, "మేము జర పోయొస్తం తల్లీ, నువ్వు సూస్తుండు," అంది. వాలు దిగి పోతరాజు దాకా వెళ్ళింది. మోకాళ్ళ దాకా నీళ్ళు. మొద్దును తట్టి, ఒడ్డుకు తిరిగి సత్తమ్మను చూసింది.

"తమ్ముని కాళ్ళు తడిసినయ్. అక్క కాళ్ళు తడిసేదాక నిలవడతావే? ఎక్కు."

శంకరవ్వే ముందు ఎక్కింది. ఆ తర్వాత ఎవరినీ పిలవాల్సిన పని లేకపోయింది. ఈసారి సత్తమ్మ మనవరాలిని మరిచిపోలేదు. కోళ్ళను కూడా తెచ్చింది.

ఆఖరి తిరుగుడుకు కొండలన్న పడవను ఎంత పైకి నడిపించినా వడి కిందికి ఈడ్చింది. రేవు దాటి చాలా దూరంలో ఒడ్డుకు తగిలాం. దిగాక అతను ఇసుకలో కూర్చుని బీడీ వెలిగించాడు. గద్దె మీది రాయి కోసం ఆగి ఉంటే అన్న మాట ఎవరూ అనలేదు.

ఇప్పుడు బడిలో ఉన్నాం. అన్నం ఉంది. ఆఫీసువాళ్ళు వచ్చి ఒక్క ప్రాణం పోలేదని మెచ్చుకున్నారు. వాళ్ళలో ఒకాయన, "ఇంకెందుకమ్మా అక్కడికి? ఇక్కడే షెడ్లు వేయిస్తాం," అన్నాడు, మంచిగానే. శంకరవ్వ నా వైపు చూసింది. పెన్సిలు చెక్కలేదు నేను. "ప్రణాళికలో వెళ్ళడం ఉంది సార్, తిరిగి రావడం కూడా ఉంది. అందుకే వచ్చారు వీళ్ళు. ఇప్పుడు ఆపితే, వచ్చే ఏడాది ఎవరూ పడవ ఎక్కరు," అన్నాను. ఆయన ఆలోచిద్దాం అన్నాడు. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు.

శంకరవ్వ రోజూ ఒడ్డున కూర్చుంటుంది. ఇళ్ళ కప్పులు కనిపిస్తున్నాయి. నేను పక్కకు వెళ్ళినప్పుడల్లా ఒకటే అడుగుతుంది, నీళ్ళు దిగుతున్నయా అని. మీ నానీ గుర్తొస్తుంది నాకు. ఆమెను నేను ఒక్కసారే చూశాను, మీ ఇంట్లో, సేమియా పెట్టింది.

పద్మ

*

ఆదిలాబాద్,
ఆగస్టు

పద్మా,

అందరూ ఉన్నారని చదివి, ఉత్తరాన్ని కాసేపు బోర్లించి పెట్టాను. మిగతాది తర్వాత చదివాను.

నానీ ఇవాళ మూట రెండుసార్లు కట్టింది. నాకు ఓపిక లేదు. విసుక్కున్నాను కూడా. ఆమె మూటను ఒళ్ళో పెట్టుకుని తప్పు చేసిన పిల్లలా కూర్చుంది.

నీళ్ళు దిగితే వెంటనే రాయి. దిగాయని రాయి.

కైనాత్

*

నడిమికుర్రు,
ఆగస్టు చివర

కైనూ,

దిగాయి. వచ్చాం.

ఆఫీసు నుంచి రమ్మనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. పొద్దున కొండలన్న పడవ తీశాడు, శంకరవ్వ ఎక్కింది, మేమంతా ఎక్కాం. తర్వాత ఏమంటారో తెలియదు. అడిగితే చెప్పాల్సింది నేనే అని ఊళ్ళో అనుకుంటున్నారు. అనుకోనీ.

అంతా బురద. గోడలు రెండు మూడు ఇళ్ళకు కూలాయి. అరుగులు నిలిచాయి, డ్రమ్ముల్లో గింజలు పొడిగా ఉన్నాయి. మక్క పోయింది. కింది ఒడ్డు చాలా మేర కోసుకుపోయింది, వట్టివేరుతో సహా. మేకలు తినకుండా మిగిలిన కొంచెం దగ్గర మాత్రం నేల ఆగింది. మళ్ళీ నాటాలి. రేవు వాలు మారిపోయింది కాబట్టి రాళ్ళన్నీ మళ్ళీ కొలిచి పాతాలి. ప్రణాళికలో ఈ పేజీ లేదు. నేనే రాయాలి. ఇవాళ కాదు.

గంగమ్మ గద్దె మీద అలాగే ఉంది, మెడదాకా ఒండ్రు. శంకరవ్వ ఇంటికి కూడా పోకుండా బిందెలతో నీళ్ళు పోసి కడిగింది. పోతరాజు లేడు. ఆయన నిలబడ్డచోట గుంట కూడా లేదు, నేలే లేదు. మీసం చెక్కిన కొండలన్న ముఖం చిన్నబోయింది. నాకు కూడా ఏదోలా అయింది, ఒక మొద్దు కోసం. శంకరవ్వకు ఎలా చెప్పాలా అని నిలబడ్డాను.

ఆమె బిందె దించి చూసింది. "పోయిండా?" అంది. "పోనీ. తమ్ముని పనే గది, ముందుగాల పోవుడు. ఇంకో మొద్దు కొట్టుమను."

కడగడం మళ్ళీ మొదలుపెట్టింది. నేను ఇంకో బిందె తీసుకున్నాను.

పద్మ

*

ఆదిలాబాద్,
సెప్టెంబరు

పద్మా,

నీ ఉత్తరం వచ్చేసరికి నానీ మూటతో గడప మీద ఉంది. పక్కన కూర్చుని చదివి వినిపించాను, తెలుగులోనే. విందో లేదో తెలియదు. అయిపోయాక నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"పానీ ఉతర్ గయా?"

"ఉతర్ గయా నానీ," అన్నాను. ఇన్ని నెలల్లో ఆమెకు అబద్ధం చెప్పకపోవడం ఇదే మొదలు.

"తో చలో," అని లేచింది. చెప్పులు వెతుక్కుంటోంది. ఇవాళ కాదు, రేపు అని చెప్పడానికి నోరు తెరిచాను. నాకే అలసట అనిపించింది, ఆ మాటలంటే.

ఆదివారం మామూ లోడు ధర్మపురికే పోతోంది. ముందు సీట్లో మా ఇద్దరికి చోటుంది. అది ఆమె ఊరు కాదని పడవ దిగాక ఆమెకు తెలియవచ్చు, తెలియకపోవచ్చు. ఏదైనా, నీళ్ళు దిగాక మనుషులు తిరిగొచ్చిన ఊరు ఒకటి చూస్తుంది. శంకరవ్వకు చెప్పి ఉంచు. ఉర్దూ రాకపోతే ఫికర్ లేదు, చింతపండు ముందర పెడితే ఇద్దరూ గింజలు తీస్తారు.

కొండలన్నను రేవులో ఉండమను. పడవలో మూటకు కూడా చోటుంచమను. అది వదిలిపెట్టి ఆమె రాదు.

నీ కైనాత్